లెక్కలోకి రాని దీవి

హార్క్‌సాండ్‌కు వచ్చే అతిథుల్లో ఎవరినీ కైకె టాడ్సెన్ పూర్తిగా మనిషి కింద జమకట్టేది కాదు. పక్షుల కోసం వచ్చేవాళ్ళు కొంత నయం. పొద్దస్తమానం గడ్డిలో బోర్లా పడుకుని నోరు మూసుకుంటారు. ప్రశాంతత కోసం వచ్చేవాళ్ళు అధ్వానం. రెండో రోజు నుంచీ ఆ ప్రశాంతత గురించే వాగి వాగి దాన్ని చంపేస్తారు. అందరికంటే కనాకష్టం, వింతలు పోగేసుకునేవాళ్ళు. సముద్రం పొంగితే నేలంతా నిజంగానే మునిగిపోతుందా, అప్పుడు మీకు భయం వెయ్యదా, మరి ఇక్కడే ఎందుకుంటున్నారు అని వరసపెట్టి అడుగుతారు. జవాబు వినే ఓపిక మాత్రం ఉండదు.

ఉత్తర సముద్రం అంచున, జర్మనీ ఒడ్డుకు ఎదురుగా, అరచేతంత గడ్డినేల హార్క్‌సాండ్. కరకట్ట లేదు. చలికాలం తుఫానులకు సముద్రం మీదికొస్తే నేల నేలంతా నీళ్ళ కింద పడుకుంటుంది, ఇళ్ళు మాత్రం తాతలు పోసిన నాలుగు మట్టిదిబ్బల మీద పొడిగా ఉంటాయి. అలాంటి నేలను అక్కడివాళ్ళు దీవి అనరు, హల్లిగ్ అంటారు. చుట్టుపక్కల పెద్ద దీవులవాళ్ళకు హల్లిగ్ జనమంటే చులకన. హల్లిగ్ జనానికి పెద్ద దీవులవాళ్ళంటే అంతకు రెట్టింపు చులకన: కరకట్ట కట్టుకుని దాని వెనక నక్కి కూర్చున్న పిరికిపందలని.

ఈ చులకన వారసత్వంలో కైకెకు పెద్ద వాటాయే దక్కింది. మొగుడు పోయాక గొర్రెలూ, కుక్కా, అద్దెకిచ్చే రెండు గదులూ ఆమెకు మిగిలాయి. వాటితోపాటు మరిది మొమ్మె కూడా. మొమ్మె ఆ హల్లిగ్‌కు పెద్ద. జీతం లేని పదవి, అయినా ఆ పదవి వచ్చినప్పట్నించీ ఆయన నడకలో పొట్ట ముందూ కాళ్ళు వెనకా. హార్క్‌సాండ్ పేరు లోకమంతా మారుమోగాలన్నది ఆయన కోరిక. ఎందుకు మోగాలో ఆయనకూ తెలియదు.

ఆ అక్టోబరులో ఆయనే కాసెల్ నగరం నుంచి డాక్టర్ ఫోల్కర్ రూబ్‌సామ్‌ను పిలిపించాడు. రూబ్‌సామ్ పళ్ళ డాక్టరు. ఉద్యోగం వదిలేశాక దీవులు తిరగడం మొదలుపెట్టాడు. ఇంట్లో గోడంత ప్రపంచపటం ఉందట, అడుగుపెట్టిన ప్రతి దీవి మీదా ఒక గుండుసూది గుచ్చుతాడట. మూడొందలు దాటాయట. ఊరూరా తిరిగి దీవుల వింతల మీద ఉపన్యాసాలిస్తాడు, పుస్తకం కూడా వస్తోందట.

"అందులో మన పేరు పడితే జనం విరగబడి వస్తారు వదినా," అన్నాడు మొమ్మె. "నీ గదులు ఏడాది పొడుగునా ఖాళీ ఉండవు."

"దుప్పట్లు నువ్వొచ్చి ఉతుకుతావా?" అంది కైకె.

అయినా గది ఇవ్వక తప్పలేదు. పడవ వచ్చిన రోజున రేవుకు వెళ్ళి నిలబడింది. ముందుగా డాక్టరు దిగాడు, మెడలో కెమెరా, చేతులు ఖాళీ. ఆయన వెనక రెండు భుజాలకూ రెండు సంచులు తగిలించుకుని, రెండు చేతుల్లో పెట్టెలు పట్టుకుని ఒక సన్నటి ఆడమనిషి దిగింది. ఆయన భార్య, పేరు గెర్లిండ. కైకె ఆమెను ఒక్కసారి చూసి లోపల్లోపల కొట్టిపారేసింది. మోసేవాడి కంటే మోయించుకునేవాడే నయం, వాడికి తనకేం కావాలో అదైనా తెలుసు అనుకుంది.

డాక్టరు రేవులో నిలబడి తల ఎడమ నుంచి కుడికి ఒకసారి తిప్పాడు. హార్క్‌సాండ్ మొత్తం చూడ్డానికి అది చాలింది.

"ఇంతేనా?"

"ఇంతే," అంది కైకె.

"చూడండి, నిర్వచనం ప్రకారం దీవంటే పోటు మీద కూడా నీటికి పైన ఉండాలి. మునిగేది దీవి కింద రాదు. మీరు బాధపడనంటే చెప్తా, దీన్ని నేను లెక్కలోకి తీసుకోలేను."

మొమ్మె మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏడాదికి ఏ కొన్నిసార్లో తప్ప మునగదనీ, మునిగినా దిబ్బలు మునగవనీ, కొంచెం పెద్ద మనసు చేసుకోవాలనీ బతిమాలడం మొదలుపెట్టాడు. కైకెకు ఒళ్ళు మండింది.

"దీవని ఇక్కడ మీకెవరన్నా చెప్పారా?" అని డాక్టరును అడిగింది. "లేనిది ఇమ్మని ముష్టెత్తకు మొమ్మె. సామాను బండిలో పెట్టు."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర డాక్టరు వింతలు విప్పాడు. ఫ్రాన్స్‌కీ స్పెయిన్‌కీ మధ్య ఏటిలో ఒక దీవుంది, ఆరు నెలలు ఈ దేశానిది, ఆరు నెలలు ఆ దేశానిది. జపాన్‌లో ఒక దీవిలో మనుషుల కంటే పిల్లులెక్కువ. స్వీడన్‌కీ ఫిన్లండ్‌కీ మధ్య ఒక రాతి తిప్ప మీద ఫిన్లండ్ వాళ్ళు పొరపాటున అవతలి దేశం వైపు దీపస్తంభం కట్టేశారు, దాంతో సరిహద్దు గీతను పాములా మెలికలు తిప్పాల్సి వచ్చింది. గొర్రెమాంసం చల్లారిపోతోంది. మొమ్మె ప్రతి వింతకూ నోరు తెరిచి, మూయడం మరిచిపోతున్నాడు. అన్నీ నిజాలే కావచ్చు, కానీ ఆయన చెప్తుంటే, పీకిన పళ్ళను సీసాలో వేసి చూపిస్తున్నట్టుంది కైకెకు.

గెర్లిండ తలెత్తకుండా తింది. మధ్యలో రెండుసార్లు ఆయన వేళ్ళు ఆడిస్తే, ఆయన మరిచిపోయిన ఊరి పేరు అందించింది. అది విని కైకె ఆమెను మరో మెట్టు కిందికి దించింది.

మర్నాడు మధ్యాహ్నం మొమ్మె దిబ్బ మీదున్న హాల్లో ఉపన్యాసం. హల్లిగ్ జనమంతా వెళ్ళారు. వాళ్ళకు దీవుల మీద మోజు లేదు, మొమ్మె భార్య ప్లమ్‌పండ్ల కేకు చేసిందని తెలిసింది. కైకె మోకాళ్ళ నొప్పి అని చెప్పి ఇంట్లోనే ఉండిపోయింది. గాలి వాయవ్యానికి తిరిగింది. ముందు చెప్పిన హెచ్చరికను రేడియోలో మార్చేశారు: నీళ్ళు వచ్చేది రేపు కాదు, ఈ సాయంత్రం పోటుకే. ఆమె గొర్రెలు పడమటి కొసన, కాలువ అవతల మేస్తున్నాయి. కైకె రబ్బరు బూట్లు తొడుక్కుని, కుక్క ఫీటెను వెంటేసుకుని బయల్దేరింది.

దగ్గరికి వెళ్ళేసరికి గొర్రెల మధ్య పసుప్పచ్చ గుడ్డ ఒకటి ఎగురుతూ కనిపించింది. గెర్లిండ. ఉపన్యాసం మొదలవగానే లేచి వచ్చేసి ఇటు నడిచింది. కాలువలోకి నీళ్ళు ఎగదన్నడం చూసి, వానకోటు విప్పి, గొర్రెల్ని ఇంటికి తోలాలని చూస్తోంది. అవి బెదిరి సముద్రం వైపు పోతున్నాయి.

"ఆ గుడ్డ దించవమ్మా! గొర్రెల్ని తోలుతున్నావా, పెళ్ళికి పిలుస్తున్నావా?"

గెర్లిండ వెంటనే దించింది. చలికి పెదాలు నల్లబడ్డాయి, కాళ్ళకు పట్నం చెప్పులు.

"నీళ్ళొస్తున్నాయని..." అంది.

"వస్తాయి. వాటి పని అది. నువ్వెళ్ళి చెక్క వంతెన దగ్గర ఆ పక్కన నిలబడు. అరవకు, ఊపకు. గొర్రె మీదికొచ్చినా కదలకుండా స్తంభంలా ఉండు."

"అది నాకు బాగా వచ్చు," అంది గెర్లిండ. ఏళ్ళ తరబడి మొగుడు తీసే ఫొటోల్లో దీపస్తంభాల పక్కన, రాళ్ళ పక్కన కొలతకర్రలా నిలబడ్డ మనిషి.

ఫీటె చుట్టూ తిరిగి మందను కూడగట్టింది. వంతెన చెక్కల మీదికి అప్పటికే నీళ్ళు ఎక్కాయి. గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ దాటాయి. చివర్లో ముసలి గొర్రె ఒకటి కాలు జారి కాలువలో పడింది. తడిసిన బొచ్చు బరువుకు మునిగిపోతోంది. కైకె వంతెన అవతల ఉంది. వెళ్ళేలోపే గెర్లిండ చెప్పులతో సహా నీళ్ళలోకి దిగింది. నడుము దాకా వచ్చాయి నీళ్ళు.

"వదిలెయ్! గొర్రె పోతే గొర్రె, నువ్వు పోతే నా ఇంటికి పోలీసులు!"

గెర్లిండ వదల్లేదు. మెడ బొచ్చు రెండు పిడికిళ్ళతో పట్టుకుంది. గొర్రె తన్నింది. ఆమె నీళ్ళు మింగింది, మునిగి లేచింది, మళ్ళీ పట్టుకుంది. కైకె వచ్చి ఒడ్డు మీద పడుకుని చేయందించి ఇద్దర్నీ లాగింది. పైకొచ్చాక గొర్రె దులుపుకుని, వెనక్కి తిరిగి చూడకుండా మందలో కలిసింది. మోకాళ్ళ లోతు నీళ్ళలో ఇద్దరూ దిబ్బ దాకా నడిచారు. దారి పొడుగునా కైకె తిడుతూనే ఉంది: బుద్ధిలేనితనాన్ని, పట్నం చెప్పుల్ని, కాసెల్ నగరాన్ని. గెర్లిండ వణుకుతూ నడిచింది. ఒకచోట కైకెకు అనుమానం వచ్చి పక్కకు తిరిగి చూసింది. ఆ మనిషి నవ్వుకుంటోంది.

గొర్రెల్ని కొట్టంలోకి తోలుతుండగా మొమ్మె ట్రాక్టరు నీళ్ళు చిమ్ముకుంటూ దిబ్బ ఎక్కింది. ఉపన్యాసం మధ్యలో ఆపి జనమంతా ఇళ్ళకు పరుగెత్తారు. మొమ్మె డాక్టరును తెచ్చి దింపేసరికి వెనక దారి మునిగిపోయింది, ఇక మొమ్మె కూడా ఆ పూటకు వదిన ఇంట్లో ఇరుక్కున్నట్టే. డాక్టరు దిబ్బ అంచున నిలబడి చుట్టూ చూశాడు. గడ్డినేల మాయమై బూడిదరంగు నీళ్ళు మిగిలాయి, మిగతా మూడు దిబ్బలూ దూరంగా బోర్లించిన గిన్నెల్లా ఉన్నాయి.

"అద్భుతం. ఇప్పుడిది దీవే," అన్నాడు. "లిండీ, ఇలా రా. ఆ అంచున నిలబడు. నీళ్ళు ఎంత దగ్గరో తెలియాలి కదా. త్వరగా, వెలుతురు పోతోంది."

గెర్లిండ ముసలి గొర్రెను కాళ్ళ మధ్య ఇరికించుకుని గోనెపట్టాతో తుడుస్తోంది. తలంతా బురద.

"చేతులు ఖాళీ లేవు," అంది.

ఆయనకు అర్థం కాలేదు. మళ్ళీ పిలిచాడు. ఆమె మళ్ళీ అదే మాట అంది, గొంతు పెంచకుండా. డాక్టరు మొమ్మెను రమ్మని అంచున నిలబెట్టి ఫొటో తీసుకున్నాడు. మొమ్మె పొట్ట లోపలికి లాక్కుని నిలబడ్డాడు.

ఆ సాయంత్రం నలుగురూ వంటింట్లో పొయ్యి చుట్టూ కూర్చున్నారు. కిటికీ కింద నీళ్ళు దిబ్బను తడుముతున్న చప్పుడు. కైకె వేడినీళ్ళలో రమ్ము కలిపి అందరికీ ఇచ్చింది, గెర్లిండ గ్లాసులో రమ్ము కొంచెం ఎక్కువ పడింది. డాక్టరు హుషారుగా ఉన్నాడు. ఐస్‌లాండ్ దగ్గర సముద్రంలోంచి అగ్నిపర్వతం పుట్టించిన దీవి కథ చెప్పాడు. అక్కడికి శాస్త్రవేత్తలు తప్ప ఎవరూ పోకూడదట. ఒకసారి అక్కడ టమాటా మొక్క మొలిచిందట. విత్తనం ఎక్కడిదా అని బుర్రలు బద్దలుకొట్టుకుంటే, వాళ్ళలోనే ఒకడు ఆగలేక బయటికి కూర్చున్న చోట మొలిచిందని తేలిందట. కైకె రమ్ము గొంతులో అడ్డం పడేలా నవ్వింది. ఆయన చెప్పినవాటిలో ఆమెకు నమ్మబుద్ధయింది అదొక్కటే.

తర్వాత దక్షిణ అట్లాంటిక్‌లోని ట్రిస్టన్ డ కున్యా దగ్గరికి వచ్చాడు. ఏ ఊరికైనా అంత దూరంలో మనుషులున్న దీవి ఇంకోటి లేదట. అక్కడ అగ్నిపర్వతం పేలితే జనాన్నంతా ఇంగ్లండ్ తీసుకుపోయారు. ఇళ్ళిచ్చారు, పనులిచ్చారు. రెండేళ్ళు తిరక్కుండానే దాదాపు అందరూ వెనక్కి పోతామని తేల్చి చెప్పి, పోయారు.

"కరెంటు పొయ్యి వదిలేసి అగ్నిపర్వతం కిందికి," అన్నాడు డాక్టరు నవ్వుతూ. "మూర్ఖత్వానికి కూడా ఒక అందముంటుంది. అక్కడి జనం మొహాల్లో ఒక మొండితనం..."

"మనం ట్రిస్టన్ వెళ్ళలేదు ఫోల్కర్," అంది గెర్లిండ. పొయ్యి దగ్గర కూర్చున్నాక ఆమె నోరు తెరవడం అదే మొదలు. "ఆఫ్రికా నుంచి ఓడలో వారం పడుతుందంటే, సముద్రం పడదని టికెట్లు వెనక్కిచ్చేశావు. వాళ్ళ మొహాలు నువ్వెక్కడ చూశావు?"

డాక్టరు ఎర్రబడ్డాడు. చదివినదీ చూసినట్టే లెక్క అన్నాడు. గ్లాసు పక్కన పెట్టి, రేపు పొద్దున్నే లేవాలంటూ వెళ్ళాడు. రేపు పొద్దున్నే లేచినా ఆయన పోగలిగే చోటేమీ లేదు, చుట్టూ సముద్రమే.

నీళ్ళు దిగి, రేవు శుభ్రమై, పడవ రావడానికి మూడో రోజైంది. గడ్డి మీద బురద పూత, దాని మీద చచ్చిన పీతలు. మొమ్మె తన ట్రాక్టరు మీద డాక్టరునూ సామానునూ తెచ్చాడు. గెర్లిండ కైకెతో నడిచి వచ్చింది, వట్టి చేతులతో.

"లిండీ, నీ పెట్టె ఏది?" అన్నాడు డాక్టరు.

"గదిలో ఉంది."

"మరిచిపోయావా? మొమ్మెగారూ, ఒక్కసారి..."

"మరిచిపోలేదు. నేను రావట్లేదు."

డాక్టరు ముందు నవ్వాడు. తర్వాత ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. జ్వరం లేదు.

"ఇక్కడుంటావా? ఇక్కడా? ఇది దీవి కూడా కాదు కదే!"

"అందుకే."

ఆయన కైకె వైపు తిరిగాడు. "ఏం నూరిపోశారు మీరు మా ఆవిడకి?"

"నేనా? నా గొర్రెల పేర్లే నాకు గుర్తుండవు, ఇంక మీ ఆవిడకి నూరిపోయడమా," అంది కైకె. నిజానికి ఆమెకు మతిపోయింది. గది మళ్ళీ కొన్నాళ్ళు కావాలని గెర్లిండ పొద్దున అడిగితే, దంపతులిద్దరూ వచ్చే ఏడాది వస్తారేమో అనుకుని సరేనంది.

పడవవాడు కూత వేశాడు. ఆటు మొదలైతే కాలువలో నీళ్ళుండవు, పడవ ఆగదు. డాక్టరుకు ఏం చెయ్యాలో తోచలేదు. ముప్పై ఏళ్ళుగా తన వెనకున్న మనిషి అక్కడ లేకపోతే ఎలా నడవాలో ఆయనకు తెలియదు. సంచులు ఎత్తుకున్నాడు, ఒకటి జారింది, మళ్ళీ ఎత్తుకున్నాడు. పడవెక్కాక జేబులన్నీ తడుముకుంటూ, వాంతుల మాత్రలెక్కడ పెట్టావని అడిగాడు. ఎడమ జేబులో అని చెప్పింది గెర్లిండ. అంతే, పడవ కదిలింది.

కైకె ఆమె వారం ఉంటుందనుకుంది. వారం తర్వాత క్రిస్మస్ దాకా అనుకుంది. వెన్న లాంటి చేతులు, గడ్డిమోపు ఎత్తమంటే సగం గాల్లో పోసేది, గొర్రెకు మందు తాగించమంటే తనే సగం తాగేది. కైకె నోటికి ఆ చలికాలమంతా సెలవు లేదు. గెర్లిండ మాత్రం రెండోసారి అదే తప్పు చేసేది కాదు. చలికాలంలో నేల మరో నాలుగైదుసార్లు మునిగింది. ప్రతిసారీ గెర్లిండ గొర్రెల్ని కైకె కేక వేయకముందే కొట్టం చేర్చేది. ఈనేకాలం దాకా ఉంటానని తనే మాటిచ్చింది.

మొమ్మె మళ్ళీ పొట్ట ముందుకు పెట్టాడు. హార్క్‌సాండ్ అందానికి లొంగి నగరం వదిలేసిన మహిళ అని పేపరుకు ఎక్కిస్తానన్నాడు. కైకె విసుక్కుంది గానీ గట్టిగా కాదనలేదు. పైకి చెప్పకపోయినా ఆమెకూ లోపల అదే గర్వం. మూడొందల దీవులు చూసిన మనిషి చివరికి తన గడ్డిపరకల మధ్యే ఆగింది మరి.

ఏప్రిల్‌లో గొర్రెలు ఈనాయి. ఆఖరి పిల్ల లేచి నిలబడి పాలు తాగిన రోజున, కొట్టం గుమ్మంలో కూర్చుని గెర్లిండ చెప్పింది:

"కైకె, వచ్చేవారం నేను వెళ్ళిపోతున్నాను."

"ఆయన దగ్గరికా?"

"ఛీ. తూరింగెన్ కొండల్లో మా పిన్ని ఊరుంది. ఎటు చూసినా చెట్లు. అక్కడ గది చూసుకున్నాను."

"కొండల్లోకా? ఇక్కడేం తక్కువైంది నీకు?"

గెర్లిండ కొంచెం ఆలోచించింది. అబద్ధం చెప్పడానికి వీలుందా అని చూసినట్టుంది, లేదనుకుంది.

"నాకు దీవులంటే అసహ్యం. మొదటి దీవి నుంచీ. ఆ గాలి, ఆ ఉప్పు, పడవ కోసం పడిగాపులు. ఎక్కడా నాలుగడుగులు తిన్నగా నడవడానికుండదు."

"ఇది దీవి కాదు."

"నాకు తేడా తెలియదు. చుట్టూ నీళ్ళుంటే అన్నీ ఒకటే."

"మరి ఇన్నాళ్ళూ నా కొంపలో ఎందుకున్నట్టు?"

"ఆ రోజు గొర్రెను వదిలెయ్యమన్నావు, నేను వదల్లేదు. ఒకరు చెయ్యమన్నది చెయ్యకపోతే ఆకాశమేం ఊడిపడదని నాకు అక్కడే తెలిసింది. మళ్ళీ మరిచిపోతానేమోనని ఇక్కడే ఉన్నా. ఇంక మరిచిపోను."

కైకె రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. పడవల మీద వచ్చిన ఎంతోమంది హార్క్‌సాండ్‌ను చూసి పెదవి విరిచారు, వాళ్ళెవరినీ ఆమె లెక్కచెయ్యలేదు. వాళ్ళకేం తెలుసని? ఈ మనిషి మాత్రం చలికాలమంతా ఉండి, బురదలో దొర్లి, పురుళ్ళు పోసి, అంతా తెలుసుకుని మరీ పెదవి విరిచింది. ఇలాంటిది ఎప్పుడూ జరగలేదు. మూడో రోజు పాలసీసాలు కడుగుతూ కడుగుతూ ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది, నవ్వు ఆగక బల్ల పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. ఫీటె మొరిగింది. గెర్లిండ పైనుంచి దిగి వచ్చి ఏమైందని అడిగింది.

"ఏమీ కాలేదు. నీకు ప్రయాణంలోకి రొట్టె కట్టాలా వద్దా?" అంది కైకె.

డాక్టరు పుస్తకం వచ్చింది. హార్క్‌సాండ్ ప్రస్తావన అందులో లేదని మొమ్మె చాలా కుమిలిపోయాడు. కైకె ఆ పుస్తకం తెరవను కూడా తెరవలేదు.

సెప్టెంబరులో, పొట్టేళ్ళను అమ్మేసి, గొర్రెల్ని మొమ్మెకు అప్పగించి, కైకె రైలెక్కి తూరింగెన్ వెళ్ళింది. గెర్లిండ అక్కడ ఒక తోటపనివాళ్ళ దుకాణంలో పనికి కుదిరింది, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. గది కిటికీ తెరిస్తే ఎదురుగా ఫర్‌చెట్ల కొండ, ఇంటి మీదికి వాలినట్టు. బంగాళదుంప ఉండలూ, మాంసం పులుసూ చేసి పెట్టింది. కైకె తింటూ కిటికీలోంచి ఆకాశం కోసం వెతికింది. మెడ బాగా వెనక్కి వంచితే గానీ కనిపించలేదు.

"ఇదేం ఊరే, గోడకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నట్టుంది. వాన ఎటునుంచి వస్తుందో కూడా తెలియదు. దీనికోసమా నన్నొదిలేసి వచ్చావు?"

"తిను, చల్లారిపోతుంది," అంది గెర్లిండ.

"ఉండలో ఉప్పు లేదు."

"నీకు ఎక్కడా ఉప్పు సరిపోదు."

కైకె ఇంకో ఉండ వడ్డించుకుంది. రేపు కొండెక్కుదామని గెర్లిండ అంటే, ఎక్కి చేసేదేముంది, మళ్ళీ దిగాలి కదా అంది. మర్నాడు ఎక్కింది. దారి పొడుగునా కొండల్నీ, చెట్లనీ, వాటి మధ్య బతికే మనుషుల్నీ తిడుతూనే ఎక్కింది. గెర్లిండ ముందు నడిచింది, మలుపు మలుపుకీ ఆగి ఆమె కోసం చూసింది.